టీవీ షోకి అతిథులుగా పిలిచారు, ఒక్క పాట పాడమన్నారు: వెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది నలుగురి బ్యాండ్. సొంత పాటలు ఆరేడు ఉన్నాయి. మొదటిసారి ఒక టాక్ షో నుంచి పిలుపొచ్చింది: ఒక పాట, ఆ తర్వాత ఐదు నిమిషాల కబుర్లు. డబ్బులివ్వరట. ట్రాక్ వేస్తాం, పెదాలు కదిపితే చాలని ప్రొడక్షన్ వాళ్లు అంటున్నారు. మీ గాయని మాత్రం లైవ్‌గానే పాడతానని పట్టుబట్టింది. అదే సంస్థ తీస్తున్న సీరియల్లో మీరు మీలాగే కనిపించే చిన్న సీన్ కూడా ఉందన్నారు. వెళ్లాలా వద్దా, వెళ్తే ఏం జాగ్రత్తలు పడాలి అని అడిగారు.

వెళ్లండి. కాకపోతే పని ఈ రోజే మొదలుపెట్టండి. నేను ఇరవై రెండేళ్లుగా టీవీ సంగీత కార్యక్రమాల్లో ఉన్నాను. మొదట ఒక షో హౌస్ బ్యాండ్‌లో కీబోర్డు వాయించాను, తర్వాత సౌండ్‌లోకి మారాను. ఇప్పుడు అతిథులుగా వచ్చే గాయకులకూ ప్రొడక్షన్‌కూ మధ్య సమన్వయం చూసే పని నాది. ఇన్నేళ్లలో నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఆ మూడు నిమిషాలు ఎలా వస్తాయన్నది షూటింగ్ ముందు వారంలోనే తేలిపోతుంది, అదీ ఫోన్లలో, మెయిళ్లలో. ఫ్లోర్ మీదికి వచ్చాక మీ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. గంటకు ఇంత అని లెక్క నడుస్తుంటుంది, మీ వెనక ఇంకో అతిథి కూర్చుని ఉంటారు, ఎవరికీ మీ మాట వినే తీరిక ఉండదు.

ముందు లైవా, ట్రాకా అన్న సంగతి. ఇది ఈనాటి గొడవ కాదు. బీబీసీలో 1964 నుంచి 2006 దాకా ప్రతివారం వచ్చిన 'టాప్ ఆఫ్ ది పాప్స్'లో మొదట్లో రికార్డు వేసి పెదాలు కదిపేవాళ్లు. సంగీతకారుల సంఘం అభ్యంతరం చెప్పడంతో 1966లో ఆ పద్ధతిని ఆపేశారు. తర్వాత ఏళ్లలో రకరకాల నిబంధనలు వచ్చాయి, పోయాయి. 1991లో నిర్వాణా బృందం అదే షోకి వచ్చేసరికి పద్ధతి ఎలా ఉందంటే, వాయిద్యాలు ట్రాక్‌లో వస్తాయి, గొంతు మాత్రం లైవ్. ఆ బృందం గాయకుడు కర్ట్ కొబేన్‌కి అది నచ్చలేదు. గిటార్ తీగలని పట్టీపట్టనట్టు తడుముతూ, పాటంతా కింది స్థాయిలో బొంగురుగా పాడేశాడు. వాయించట్లేదన్న సంగతి చూసే ప్రతి ఒక్కరికీ తెలిసేలా చేశాడు.

మీకు నా సలహా ఆ షో పద్ధతే: వాయిద్యాలు ట్రాక్, గొంతు లైవ్. దానికి కారణం ఉంది. టాక్ షో సెట్లు మాటల కోసం కట్టినవి. డ్రమ్ సెట్‌కి ఏడెనిమిది మైకులు పెట్టి, సరిచూసి, బ్యాలెన్స్ చేసేంత టైమ్ కొత్త బ్యాండ్‌కి ఇవ్వరు. అరగంటలో సౌండ్ చెక్ అంటారు, అది పదిహేను నిమిషాలకి కుదించుకుపోతుంది. ఆ హడావుడిలో డ్రమ్స్ మోతంతా గాయని మైకులో పడుతుంది, పాట బురదబురదగా వినిపిస్తుంది. చూసేవాళ్లకి టైమ్ సరిపోలేదన్న సంగతి తెలియదు కదా, బ్యాండ్‌కే పాడటం రాదనుకుంటారు. గొంతు ఒక్కటి లైవ్‌గా ఉంటే ఊపిరి వినిపిస్తుంది, చిన్న తడబాటు కూడా అందంగానే ఉంటుంది, మనిషి పాడుతున్నట్టు తెలుస్తుంది. మీ గాయని కోరుకునేది అదేనని నా నమ్మకం. పూర్తిగా పెదాలు కదపడానికి మాత్రం ఒప్పుకోకండి. 2004 అక్టోబర్ 23న అమెరికాలో 'సాటర్డే నైట్ లైవ్' అనే షోలో గాయని యాష్లీ సింప్సన్ రెండో పాటకి సిద్ధంగా నిలబడి ఉండగా, అప్పటికే అయిపోయిన మొదటి పాట గొంతు స్పీకర్లలోంచి వచ్చేసింది. మైకు ఇంకా ఆమె నోటి దగ్గరకే రాలేదు. లైవ్ ప్రసారం కాబట్టి దేశమంతా చూసింది. తర్వాత ఆమె ఎన్ని పాటలు పాడినా జనం ముందు గుర్తు చేసుకునేది ఆ రాత్రినే. తప్పు ఎవరు నొక్కిన బటన్‌దైనా పేరు పోయేది తెర మీద ఉన్నవాళ్లదే.

ట్రాక్ ఇవ్వబోతున్నారు కాబట్టి అది ఎలా ఇవ్వాలో కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒకే స్టీరియో ఫైల్ ఇచ్చి వదిలేయకండి. డ్రమ్స్, బేస్, గిటార్-కీబోర్డులు, కోరస్ గొంతులు ఇలా నాలుగైదు భాగాలుగా విడగొట్టి ఇవ్వండి. అప్పుడు అక్కడి మిక్సర్ ముందు కూర్చున్న మనిషి గొంతుకి చోటివ్వగలుగుతాడు. ప్రధాన గాయని గొంతు ఏ భాగంలోనూ ఉండకూడదు, 'సేఫ్టీకి కొంచెం ఉంచుదాం' అనే ఆలోచనే వద్దు. ముందు నాలుగు దెబ్బల లెక్క వేరే ట్రాక్‌లో పెట్టండి, అది మీ చెవిలోకి మాత్రమే రావాలి. అన్ని ఫైళ్లూ ఒకే చోట మొదలై ఒకే పొడవుతో ఉండాలి.

ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటులో (అంటే శబ్దాన్ని సెకనుకి 48 వేలసార్లు కొలిచి రాసే లెక్కలో) ఇవ్వండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను దీని వల్ల పడ్డ టెన్షన్ మర్చిపోలేను. పాటల స్టూడియోల్లో చాలామంది 44.1లో పనిచేస్తారు, వీడియో ప్రపంచమంతా 48. ఒకసారి ఒక గాయని రిహార్సల్‌కి వచ్చింది, ట్రాక్ వేశాం. రెండు లైన్లు పాడి ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి వేశాం, మళ్లీ అదే చోట ఆగింది. 'పై స్థాయి అందట్లేదు సార్, గొంతు పట్టేసినట్టుంది' అంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఎవరో వేడినీళ్లు తెచ్చారు, ఎవరో శ్రుతి తగ్గించి ఇంకో ట్రాక్ చేద్దామన్నారు. మూల కూర్చున్న తబలా కళాకారుడు ఏమీ మాట్లాడకుండా, ముందురోజే ఆ పాట శ్రుతికి కలిపి పెట్టుకున్న తబలా మీద ఒక్కసారి 'నా' అని కొట్టాడు. ట్రాక్ వైపు చెవి పెట్టాడు. 'గొంతు బాగానే ఉందమ్మా, ట్రాకే పైకెళ్లింది' అన్నాడు. చూస్తే 44.1 ఫైల్ 48 సెట్టింగ్‌లో నడుస్తోంది. అలా నడిస్తే పాట దాదాపు తొమ్మిది శాతం వేగంగా వెళ్తుంది, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం) దాకా పైకి లేస్తుంది. అప్పటికి షూటింగ్‌కి నలభై నిమిషాలే ఉంది. ఆ సెట్టింగ్ మార్చడానికి అర నిమిషం పట్టింది. ఆ అమ్మాయి భయం తగ్గి గొంతు మామూలు కావడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఇంకోటి. ఆన్‌లైన్‌లో పెట్టడానికి గట్టిగా నొక్కి (చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడా తగ్గించి) మాస్టర్ చేసిన, అంటే చివరి మెరుగులు దిద్దిన ట్రాక్ టీవీకి తేవద్దు. ప్రసారాలకి శబ్ద తీవ్రత ప్రమాణాలుంటాయి. యూరప్‌లో ప్రోగ్రాం సగటు మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రతని కొలిచే యూనిట్) దగ్గర, అమెరికాలో మైనస్ 24 దగ్గర ఉండాలంటారు. మీరు ఎంత గట్టిగా తెచ్చినా ఆ కొలతకి దించేస్తారు. నొక్కేసిన ట్రాక్ దిగాక నీరసంగా, చదునుగా వినిపిస్తుంది. మీరు నొక్కకుండా, ఊపిరాడేలా ఇస్తే డ్రమ్ దెబ్బకి దెబ్బ, గొంతుకి గొంతు విడివిడిగా నిలబడతాయి.

దీంతోపాటు ఒక పేజీ ఇన్‌పుట్ లిస్ట్ పంపండి: ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరికి మైకు కావాలి, ఎవరికి లైన్ (వాయిద్యం నుంచి నేరుగా కేబుల్) కావాలి, ఎవరికి చెవిలో ఏం వినిపించాలి. అడగకపోయినా పంపండి. కొత్త బ్యాండ్ నుంచి అలాంటి కాగితం వచ్చిందంటే సౌండ్ వాళ్ల చూపే మారిపోతుంది, 'పని తెలిసినవాళ్లు' అనుకుంటారు. వీలైతే మీ పాటలు బాగా తెలిసిన ఒక మనిషిని మిక్సింగ్ గదిలో కూర్చోబెట్టడానికి అనుమతి అడగండి. ఆ మనిషి ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) ముట్టుకోడు, పక్కన కూర్చుని 'ఇప్పుడు కోరస్ వస్తుంది, గిటార్ కొంచెం పైకి' అని మెల్లగా చెబుతాడు. డబ్బుకంటే ముందు అడగాల్సింది ఇదే అంటాను నేను.

మీ వాయిద్యాల్ని కనీసం గంట ముందు ఫ్లోర్ మీద పెట్టేయండి. స్టూడియోలో ఏసీ చలి, లైట్లు వేయగానే వేడి. తీగలు, చర్మవాద్యాలు రెండింటికీ ఆ మార్పు పడదు. ట్రాక్ శ్రుతి కదలదు, మీ గిటార్ కదిలిపోతుంది. కబుర్లలో భాగంగా ఎవరైనా 'ఏదీ, ఒక ముక్క వాయించు' అంటే అపశ్రుతి అప్పుడు బయటపడుతుంది.

కెమెరా వైపు నుంచి చూస్తే, డైరెక్టర్‌కి మీ పాట తెలియదు. ఆయన దాన్ని షూటింగ్ రోజు పొద్దునే మొదటిసారి వింటాడు. గిటార్ సోలో వస్తుంటే తెర మీద బేస్ వాయించే అబ్బాయి మొహం కనిపించే పాటలు ఎన్ని చూశారో గుర్తు చేసుకోండి. దాన్ని ఆపడానికి ఒక కాగితం చాలు. పాట సాహిత్యం రాసి, పక్కన సెకన్లు వేసి, ప్రతి భాగంలో చూడాల్సిన మనిషి ఎవరో రాయండి. '0:00 నుంచి 0:08 కీబోర్డు ఒక్కటే. 0:08కి గాయని. 1:42కి గిటార్ సోలో, ఎడమవైపు చివర. 2:10కి అందరూ ఆగుతారు, నిశ్శబ్దం, 2:12కి మళ్లీ ఎత్తుకుంటారు.' ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం రాయకపోతే పాట అయిపోయిందనుకుని ఫ్లోర్ మీద చప్పట్లు కొట్టించేస్తారు. నా కళ్లముందు జరిగింది. ఆ బ్యాండ్ పాట చివరి భాగం చప్పట్లలోనే మొదలైంది, రెండో టేక్ ఇవ్వలేదు.

సన్న చారల చొక్కాలు వద్దు, కెమెరాలో అలలు అలలుగా కదులుతాయి. వెనక గ్రీన్ తెర ఉందేమో ముందే అడగండి, ఉంటే ఆకుపచ్చ వేసుకోకూడదు. కబుర్లప్పుడు కాలర్ మైకు పెడతారు కాబట్టి గాయని మెడలో గొలుసులు లేకుండా చూసుకోండి, ప్రతి కదలికకీ గరగర వస్తుంది. బట్టల గురించి అంతకుమించి ఆలోచించక్కర్లేదు.

ఏ పాట అన్నది మీరే తేల్చుకోండి, వాళ్లకి మూడు పాటలు పంపి ఎంచుకోమనకండి. తొలి పదిహేను సెకన్లలో గొంతు వచ్చే పాట తీసుకోండి. మీ పాటకి నలభై సెకన్ల ముందు సంగీతం ఉంటే ఎనిమిది సెకన్లకి తగ్గించండి. మూడు నిమిషాలన్నారంటే రెండు నిమిషాల యాభై సెకన్లకి తెండి, అదీ మీరే కత్తిరించండి. లేకపోతే ఎడిటింగ్ గదిలో పాట తెలియని మనిషి రెండో చరణం మధ్యలో కోసేస్తాడు. అర్థంలో అతుకు కనిపించని చోటు ఎక్కడుందో రాసినవాళ్లకే తెలుస్తుంది.

అడిగిన పాట వదిలేసి అక్కడికక్కడే ఇంకో పాట అందుకుంటే సంచలనం అవుతుంది కదా అని మీ డ్రమ్మర్ రాసిన మాట చూశాను. ఆ కథలు నాకూ ఇష్టమే. 1969 జనవరిలో బీబీసీలో గాయని లులు షోలో జిమీ హెండ్రిక్స్ 'హే జో' మధ్యలో ఆపేసి, విడిపోయిన క్రీమ్ బృందానికి అంకితమంటూ వాళ్ల పాట మొదలుపెట్టాడు, షో టైమ్ దాటిపోయింది. 1977 డిసెంబర్ 17న 'సాటర్డే నైట్ లైవ్'లో గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో పాట మొదలుపెట్టిన కాసేపటికే ఆపి, బ్యాండ్‌ని ఇంకో పాటలోకి తీసుకెళ్లాడు. ఆ షోలో మళ్లీ అడుగుపెట్టింది 1989లో. 1967 సెప్టెంబర్‌లో అమెరికాలో ఎడ్ సలివన్ షోలో ఒక మాట మార్చి పాడమంటే డోర్స్ బృందం మార్చకుండా పాడింది, వాళ్లని ఆ షోకి మళ్లీ పిలవలేదు. వాళ్లకి ఆ పాట, ఆ మాట ప్రాణం. దానికి ఎంత ఖర్చయినా భరించడానికి సిద్ధపడి చేశారు. మీకూ అలాంటిదేదైనా ఉంటే నేను వద్దనను. సంచలనం కోసమే అయితే మాత్రం చేయకండి. ఆ మార్పుతో లైట్లవాళ్లు, కెమెరావాళ్లు, ఫ్లోర్ మేనేజర్ అందరూ ఇబ్బందిలో పడతారు. వాళ్లలో ఎవరూ మీకు ఏ అన్యాయమూ చేయలేదు. ఒక పదం తీసేయమని వాళ్లడిగితే, అది ఒప్పుకోగలరో లేదో ముందే తేల్చుకుని చెప్పండి. ఒప్పుకుని వెళ్లి అక్కడ మాట తప్పడం మంచిది కాదు.

ఇక కాగితాలు. పాటకి రెండు హక్కులుంటాయి: మాట-బాణీ హక్కు ఒకటి, రికార్డింగ్ హక్కు ఇంకోటి. సొంత పాటలే కాబట్టి రెండూ మీవేనని అనుకుంటున్నారు. నిజంగా మీవేనా అని చూసుకోండి. ఏదైనా లేబుల్‌తోనో పంపిణీ సంస్థతోనో సంతకం పెట్టి ఉంటే ఆ ఒప్పందం తీసి చదవండి. 1991లో అమెరికా కార్టూన్ సీరియల్ 'ది సింప్సన్స్'లో మైకేల్ జాక్సన్ ఒక పాత్రకి గొంతిచ్చాడు. మాటలు ఆయనవే, కానీ తన రికార్డు సంస్థతో ఉన్న ఒప్పందం వల్ల పేరు మార్చి వేయాల్సి వచ్చింది, పాటలు ఆయనలాగే పాడే ఇంకో గాయకుడు పాడాడు. అంతటివాడికే కాగితం అడ్డొచ్చింది.

ప్రొడక్షన్ వాళ్లు 'క్యూ షీట్' అని ఒకటి నింపుతారు. ప్రోగ్రాంలో ఏ పాట ఎన్ని సెకన్లు వినిపించింది, రాసిందెవరు, బాణీ కట్టిందెవరు అనే వివరాలన్నీ అందులో ఉంటాయి. హక్కుల సంఘాల (పాట వాడినందుకు డబ్బు వసూలు చేసి రాసినవాళ్లకి పంచేవి) నుంచి రచయితలకి డబ్బు వచ్చేది దాని ఆధారంగానే. అందులో మీ పేరు తప్పుపడితే మీ డబ్బు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. సంఘంలో మీ పేరు ఏ స్పెల్లింగ్‌తో నమోదైందో అచ్చం అలాగే రాసి, మీరే టైప్ చేసి మెయిల్లో పంపండి. షో అయ్యాక నింపిన షీట్ కాపీ అడగండి. ఇంకా ఏ సంఘంలోనూ చేరకపోతే ఈ వారమే చేరండి.

ఇంకొకరి పాట పాడే ఆలోచన ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. ప్రసారానికి ఛానెల్ దగ్గర అనుమతి ఉండొచ్చు గానీ, ఆ వీడియోని తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టడానికి వేరే అనుమతి కావాలి. అది లేక ఎన్నో మంచి ప్రదర్శనలు ఒక్కరాత్రి ప్రసారమై మాయమైపోయాయి. సొంత పాటలోనూ ఒక చిక్కుంది. మీ పంపిణీ సంస్థ మీ పాటని యూట్యూబ్‌లో నమోదు చేసి ఉంటే, ఛానెల్ మీ క్లిప్ పెట్టగానే మీ తరఫున హక్కు దావా ఆటోమేటిక్‌గా పడుతుంది. ఛానెల్ వాళ్లకి చికాకు పుట్టి క్లిప్ తీసేస్తారు. వాళ్ల ఛానెల్‌కి మినహాయింపు ఇవ్వమని పంపిణీ సంస్థకి ముందే రాయండి.

సంతకం పెట్టే కాగితంలో రెండు చోట్ల ఆగి చదవండి. ఒకటి, ఈ షోకి ముందూ తర్వాతా ఎన్ని రోజులు వేరే షోల్లో కనిపించకూడదంటున్నారో. రెండోది, మీ పాటని, మీ ఫుటేజ్‌ని ప్రకటనల్లోకో ఇంకో ప్రోగ్రాంలోకో వాడుకునే హక్కు రాయించుకుంటున్నారేమో. రెండో దాన్ని 'ఈ ఎపిసోడ్, దాని ప్రచారం వరకే' అని మార్పించండి. అడిగితే చాలామంది మారుస్తారు.

డబ్బు విషయం. అమెరికాలో అతిథిగా వచ్చిన సంగీతకారులకి కూడా కార్మిక సంఘాలు ఖరారు చేసిన కనీస వేతనం ఉంటుంది. సంఘాల బలం లేని చోట కొత్తవాళ్లకి ఇవ్వరు. నాకు అది నచ్చదు. ఆ సెట్‌లో కుర్చీ జరిపే మనిషికీ ఆ రోజు జీతం ఉంది. అయినా ఒక్కసారికి, మొదటిసారికి, కొన్ని షరతులతో ఒప్పుకోవచ్చు. ప్రయాణం, వాయిద్యాల రవాణా వాళ్లే భరించాలి. ప్రసారమైన వెంటనే పాట ఉన్న క్లిప్ మంచి నాణ్యతలో మీకివ్వాలి, దాన్ని మీ పేజీల్లో పెట్టుకునే అనుమతి రాతలో ఉండాలి. పాట పేరు, బ్యాండ్ పేరు తెర మీద కనీసం ఐదారు సెకన్లు పడాలి. వీటికీ కాదంటే మాత్రం వెళ్లొద్దు.

కబుర్ల గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు, అక్కర్లేదు. ముందుగా ఒక రిసెర్చర్ ఫోన్ చేసి అరగంట మాట్లాడతారు. అదే అసలు ఇంటర్వ్యూ, మిగతాది దాని నుంచే వస్తుంది. ఆ ఫోన్‌కి ముందు మూడు సంఘటనలు సిద్ధం చేసుకోండి, ఒక్కోటి అర నిమిషంలో అయిపోవాలి. అభిప్రాయాలు వద్దు, జరిగినవి చెప్పండి. 'సంగీతమంటే మాకు ప్రాణం' అంటే యాంకర్ దగ్గర తర్వాతి ప్రశ్న ఉండదు. 'రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయింది, చీకట్లోనే పాడిన టేకే చివరికి ఉంచాం' అంటే పది ప్రశ్నలు పుడతాయి. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' పాత ఎపిసోడ్లు దొరికితే చూడండి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పక్కన కూర్చున్న అతిథి చేత ఒక పాట పుట్టుక గురించి చెప్పించే తీరు గమనించండి. మాట్లాడేది ఎప్పుడూ ఒక్క పాట గురించి, ఆ పాటలో ఒక్క మలుపు గురించి. వినేవాళ్లకి అది చాలు. నలుగురూ మాట్లాడాలని రూల్ పెట్టుకోకండి, ఇద్దరు మాట్లాడండి, మిగతా ఇద్దరు మనసుపెట్టి వినండి. తల దించుకుని కూర్చున్న మనిషిని కెమెరా వెంటనే పట్టేస్తుంది.

సీరియల్ సీన్ గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. సంగీతకారులు తమలాగే కథలో కనిపించడం పాత సంగతే. 1971లో 'ది బ్రాడీ బంచ్'లో మంకీస్ బృందం డేవీ జోన్స్ తనలాగే వచ్చాడు. (ఈయన కథ నాకు చాలా ఇష్టం. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ మొదటిసారి ఎడ్ సలివన్ షోలో పాడినప్పుడు, దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూసిన ఆ రాత్రే, ఒక నాటక బృందంలో కుర్రాడిగా ఈయన కూడా అదే స్టేజీ మీద ఉన్నాడు. పక్కనుంచి ఆ అరుపులు విని, నాకూ అది కావాలనుకున్నాడు.) అలాంటి సీన్ ఎప్పుడు పండుతుంది, ఎప్పుడు తేలిపోతుంది అంటే నాకు రెండు ఉదాహరణలు గుర్తొస్తాయి. 1986లో 'ది కాస్బీ షో'లో స్టీవీ వండర్ ఆ కుటుంబాన్ని స్టూడియోకి పిలిచి, వాళ్ల మాటల్ని సాంప్లర్ అనే, శబ్దాల్ని దాచుకుని మళ్లీ వాయించే యంత్రంలో రికార్డు చేసి, కీబోర్డు మీద నొక్కి పాటగా మార్చి చూపించాడు. తర్వాత హిప్‌హాప్‌లో పేరు తెచ్చుకున్న క్వెస్ట్‌లవ్ లాంటివాళ్లు సాంప్లింగ్ అంటే ఏమిటో మొదటిసారి అక్కడే చూశామని చెప్పారు. 2017లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో పేరున్న గాయకుడు ఎడ్ షీరన్ సైనికుడిగా కూర్చుని పాడితే, కథ పక్కకి పోయి జనమంతా ఆయన మొహం గురించే మాట్లాడుకున్నారు. అదే సీరీస్‌లో 2013లో కోల్డ్‌ప్లే బృందం డ్రమ్మర్ విల్ ఛాంపియన్ పెళ్లి విందులో డోలు వాయిస్తూ కనిపించాడు, చాలామంది గుర్తుపట్టనే లేదు, సీన్‌కి ఏ ఇబ్బందీ రాలేదు.

కాబట్టి ఆ సీన్‌లో మీరేం చేస్తారని అడగండి. రిహార్సల్ చేస్తున్నట్టో, పాట కడుతున్నట్టో అయితే ఒప్పుకోండి, మీకు చేతనైన పనే చేస్తారు కాబట్టి సహజంగా ఉంటుంది. హీరోయిన్‌ని పొగడటానికో, విలన్ మీద అరవడానికో అయితే వద్దనండి. షరతు పెట్టడానికి మొహమాటపడకండి. 1995లో పాల్ మెకార్ట్‌నీ 'ది సింప్సన్స్'లో గొంతివ్వడానికి ఒకే షరతు పెట్టాడు: అందులోని లీసా అనే అమ్మాయి పాత్ర శాకాహారిగా మారితే ఎప్పటికీ అలాగే ఉండాలి. వాళ్లు ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకుంటున్నారు. షూటింగ్‌లో అదే పాట పదిహేను ఇరవై సార్లు ట్రాక్‌కి చేయాల్సి వస్తుంది, ప్రతిసారీ చేతులు అవే చోట ఉండాలి. ఏ పదం దగ్గర చెయ్యి లేపారో ఎవరైనా ఒకరు రాసిపెట్టుకోండి.

వెళ్తే లాభమేంటి అని కూడా అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చాలామందికి ఒక వారం ఫోన్లు మోగుతాయి, తర్వాత ఆగిపోతాయి. 2008 అక్టోబర్ 18న గాయని అడెల్ 'సాటర్డే నైట్ లైవ్'లో పాడిన రాత్రి, రాజకీయ నాయకురాలు సారా పేలిన్ వస్తోందని మామూలుకంటే ఎంతో ఎక్కువమంది టీవీ ముందు కూర్చున్నారు. మర్నాటికి అడెల్ ఆల్బమ్ ఐట్యూన్స్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆల్బమ్ అప్పటికే అమ్మకానికి సిద్ధంగా ఉండటం వల్లే అది జరిగింది. 2014 మార్చిలో అమెరికా టాక్ షో లెటర్‌మన్ షోలో ఫ్యూచర్ ఐలాండ్స్ బృందం గాయకుడు శామ్యూల్ హెరింగ్ చేసిన డాన్స్, ఛాతీ మీద కొట్టుకుంటూ పాడిన తీరు ఆన్‌లైన్‌లో ఎంతమంది చూశారో లెక్కలేదు. కొత్త బ్యాండేమో అనుకున్నారు. అది వాళ్ల నాలుగో ఆల్బమ్ పాట. ఏళ్లతరబడి చిన్నచిన్న వేదికల మీద ఆయన అలాగే పాడాడు, ఆ రోజు కెమెరా ముందు కూడా అలాగే పాడాడు, అంతే. మీ ప్రసారం రోజుకి పాట అన్ని యాప్‌లలో ఉండాలి, పేరు వెతికితే మొదట అదే రావాలి, తర్వాతి ప్రదర్శన తేదీ పేజీలో కనిపించాలి.

ఫ్లోర్ మీద చివరగా ఒక విషయం. కౌంట్‌డౌన్ మొదలయ్యాక ఫ్లోర్ మేనేజర్ 'ఐదు, నాలుగు, మూడు' అని పైకి చెప్పి, 'రెండు, ఒకటి' వేళ్లతో చూపిస్తాడు. ఆ రెండు సెకన్ల నిశ్శబ్దంలో కొత్తవాళ్లందరూ ఊపిరి బిగబడతారు, మొదటి లైన్ వణుకుతుంది. మీ గాయనికి చెప్పండి, మూడు వినపడగానే ఊపిరి వదిలేయమని. ఇంట్లో ఒకరు వేళ్లు చూపిస్తూ పదిసార్లు ప్రాక్టీస్ చేయించండి. కెమెరాల్ని చూడొద్దు, ఎర్ర లైటు ఎక్కడ వెలిగిందో వెతకొద్దు. మీరు ఒకరినొకరు చూసుకుని పాడండి, కెమెరాలే మీ దగ్గరకి వస్తాయి.

ఈ రాత్రికి రెండు పనులు చేయండి: ఇన్‌పుట్ లిస్ట్ రాయండి, పాటని రెండు యాభైకి కుదించండి. ఆ రెండూ ఇక్కడ పెడితే, వాళ్లకి పంపేలోపు నేను చూసి ఏమైనా మార్చాలంటే చెబుతాను. ఒప్పందం కాగితంలో అర్థంకాని లైన్లు ఉంటే, పేర్లు తీసేసి ఆ లైన్లు కూడా పెట్టండి.